నాటకం మధ్యలో పుట్టిన బిడ్డ

క్రిస్మస్ దగ్గరపడుతున్నదంటే మా గ్రామ సంఘాల్లో నాటిక కోసం హడావుడి మొదలవుతుంది. గొర్రెల కాపరులకు కంబళ్ళు దొరుకుతాయి, జ్ఞానులకు కిరీటాలు దొరుకుతాయి. మరియమ్మ పాత్ర దగ్గరికి వచ్చేసరికే చిక్కు. మా చిన్నతనంలో మీసాలు రాని కుర్రవాడికి చీర కట్టి పని కానిచ్చేవారు. ఆడపిల్లను పంపమని అడిగితే, "నాటకాల పిల్ల అంటారయ్యా, రేపు పెళ్ళి కావద్దా?" అనేవారు పెద్దలు. ఈ మాట ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో వింటున్నాము. అందుకే ఈ నెల ఒక నటి జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాము. ఆమె సురభి కమలాబాయి. తెలుగువారి మొదటి మాటల సినిమాలో నటించిన స్త్రీ ఆమె.

అనంతపురం ప్రాంతంలో పెరిగిన వారికి తోలుబొమ్మలాట కొత్త కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో నేటికీ ఆ బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. సురభి నాటకాల వారి మూలం కూడా తోలుబొమ్మలాటలోనే ఉంది. మరాఠా దేశం నుండి తరతరాల క్రితం వచ్చి, ఊరూరా బొమ్మలాడించిన కుటుంబాలవి. 1885లో మన పొరుగున ఉన్న కడప జిల్లాలోని సురభి గ్రామంలో, వనారస గోవిందరావు మొదలైనవారు బొమ్మలను పక్కనపెట్టి తామే వేషాలు కట్టి 'కీచకవధ' ఆడారు. ఆ ఊరి పేరే వారికి ఇంటిపేరులా నిలిచిపోయింది.

సురభి వారిలో ఒక విశేషం గమనించండి. ఆ రోజుల్లో తెలుగు నాటకాల్లో ఆడవేషాలు సాధారణంగా మగవారే వేసేవారు. ఇంగ్లాండులో కూడా 1660 వరకు అదే పద్ధతి. సురభి వారిది మాత్రం కుటుంబ నాటకం. భర్త రాజు అయితే భార్య రాణి, పిల్లలు లవకుశులు. తల్లి, కూతురు, కోడలు అందరూ రంగం మీదికి వచ్చేవారు. కుటుంబమంతా కలిసి పనిచేసేది, కలిసి తినేది, కలిసి ఊరు మారేది.

అలాంటి కుటుంబంలో 1907లో కమలాబాయి పుట్టింది. ఆమె తల్లి నిండు చూలాలిగా దమయంతి పాత్ర వేస్తుండగా నాటకం మధ్యలోనే నొప్పులు వచ్చాయట. అది కూడా నటనే అనుకుని ప్రేక్షకులు చూస్తూ ఉండిపోయారట. తెర దించిన తర్వాత బిడ్డ పుట్టిన సంగతి తెలిసి సంతోషించారని చెబుతారు. వినడానికి వింతగా ఉన్నా, ఈ సంగతి మన పల్లె తల్లులకు అంత వింతగా తోచదు. వేరుశనగ చేలో కలుపు తీస్తూ నొప్పులు పడిన తల్లులు మన మధ్య ఉన్నారు. పని ఆపితే పూట గడవని ఇళ్ళ కథ ఎక్కడైనా ఒకటే.

పసితనంలోనే కమలాబాయి కృష్ణుడు, ప్రహ్లాదుడు, లోహితాస్యుడు వంటి బాలవేషాలు వేసింది. పెద్దయ్యాక నాయిక పాత్రలు వచ్చాయి. మైకులు లేని కాలమది. డేరాలో చివరి వరుసలో కూర్చున్న ముసలమ్మకు కూడా మాట, పాట స్పష్టంగా వినిపించాలి. ఏళ్ళ తరబడి చేసిన ఆ సాధనే ఆమెకు తర్వాత అక్కరకు వచ్చింది.

1931 మార్చిలో బొంబాయిలో అర్దేషిర్ ఇరానీ తీసిన 'ఆలం ఆరా' విడుదలై, మన దేశంలో మాట్లాడే సినిమా పుట్టింది. వెంటనే తెలుగులో కూడా ఒకటి తీయాలని తలపెట్టి, హెచ్.ఎం. రెడ్డి గారికి దర్శకత్వం అప్పగించారు. అప్పట్లో పాటను ముందే రికార్డు చేసే వీలు లేదు. కెమెరా ముందు నటిస్తూనే పాడాలి. అది నాటకాల వారికే చేతనైన పని. అందుకని సురభి వారు ఆడుతున్న 'భక్త ప్రహ్లాద' నాటకాన్నే ఎంచుకుని వారిని బొంబాయికి పిలిపించారు. అందులో ప్రహ్లాదుని తల్లి లీలావతిగా కమలాబాయి నటించి, తన పాటలు తానే పాడింది. ఆ చిత్రం 1931లోనే వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైనట్లు తర్వాత పరిశోధనలో తేలింది.

ఆ నాటకం రాసినదెవరో తెలుసా? ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు. 1853లో మన ధర్మవరంలో పుట్టి, బళ్ళారిలో నాటక సమాజం నడిపి, ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందారు. వాన కోసం ఆకాశం వైపు చూసే మన నేల మీద పుట్టిన మనిషి రాసిన నాటకమే తెలుగువారి మొదటి మాటల సినిమా అయింది! ఆయన మేనల్లుడు బళ్ళారి రాఘవ గారు 1880లో తాడిపత్రిలో జన్మించారు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను రంగస్థలం మీదికి రమ్మని ప్రోత్సహించిన న్యాయవాది ఆయన.

1932లోనే కమలాబాయి 'పాదుకా పట్టాభిషేకం'లో సీతగా, 'శకుంతల'లో శకుంతలగా నటించింది. తర్వాత కొన్నేళ్ళు బొంబాయిలో ఉండి హిందీ చిత్రాల్లో కూడా పనిచేసింది. భాష కాని భాష నేర్చుకుని, ఊరు కాని ఊరిలో బతకడం ఎంత కష్టమో, కరువు ఏట పిల్లలతో బెంగుళూరు బస్సెక్కిన మన కుటుంబాలను అడగండి, చెబుతారు.

వయసు మళ్ళాక నాయిక పాత్రలు పోయాయి. ఆమె అందుకు చిన్నబుచ్చుకోక తల్లి పాత్రలకు వచ్చింది. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో తోటరాముడి తల్లి ఆమే. కొడుకు మీద కోపం, ప్రేమ ఒకే గొంతులో పలికించిన ఆ తల్లిని మన పెద్దలు మరచిపోలేదు. ఆ చిత్రానికి దర్శకుడు కె.వి. రెడ్డి గారు. ఆయనదీ తాడిపత్రే! 1971లో కమలాబాయి కన్నుమూసింది.

విచారకరమైన సంగతి ఏమంటే, 'భక్త ప్రహ్లాద' ప్రతి ఈనాడు ఎక్కడా లేదు. లీలావతిగా ఆమె ఎలా పాడిందో మనం వినలేము. సురభి నాటకాలు మాత్రం బతికే ఉన్నాయి. 2013లో ఆ కుటుంబానికి చెందిన రేకందార్ నాగేశ్వరరావు గారికి పద్మశ్రీ లభించింది.

సినిమాల్లోకి మీ పిల్లలను పంపమని మేము చెప్పడం లేదు. కమలాబాయి జీవితంలో మేము చూసింది వేరు. ఆమె కళ ఆ ఇంట్లో గుట్టుగా దాచుకోవలసిన విషయం కాదు. తల్లి చేసిన పనినే కూతురు తలెత్తుకుని చేసింది. పక్కన తండ్రి, అన్నదమ్ములు నిలబడ్డారు. మన ఇళ్ళలో పాడగల ఆడపిల్లకు దొరకనిది గొంతు కాదు, ఆ పక్కన నిలబడే మనుషులే.

ఈ డిసెంబరులో మీ సంఘంలో మరియమ్మ పాత్రకు ఎవరైనా మీ అమ్మాయిని అడిగితే, "పెళ్ళి కావద్దా?" అనే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ సాయంత్రం ఆమె తండ్రి వచ్చి ముందు వరుసలో కూర్చుంటే, వెనుక గుసగుసలాడేవారు వాటంతట అవే నోరు మూసుకుంటారు.