బోర్డు తిప్పేసిన రోజు బొమ్మ

ఉండిలో ఎవరైనా "ఫలానా ఆయన ఐపీ పెట్టేశాడంట" అంటే మన సీఎస్ఈ వాళ్లకి ముందు ఐపీ అడ్రస్ గుర్తొస్తుంది. రొయ్యల చెరువులున్న వాళ్లకి మాత్రం గుండె ఝల్లుమంటుంది. ఇక్కడ ఐపీ అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. "నా అప్పులు నేను తీర్చలేను" అని 1920 నాటి చట్టం కింద కోర్టులో వేసుకునే కాగితం. ఒక మనిషి ఐపీ పెడితేనే పది ఇళ్లు దెబ్బతింటాయి. మరి బ్యాంకే బోర్డు తిప్పేస్తే?

ఆ రోజు ఎలా ఉంటుందో వ్లాదిమిర్ మకోవ్‌స్కీ అనే రష్యన్ చిత్రకారుడు 1881లో గీశాడు. బొమ్మ పేరు "బ్యాంకు పతనం", మాస్కోలోని త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉంది. ఫోన్లో తెరిచి బాగా జూమ్ చేసి చూడండి. బ్యాంకు హాలు నిండా జనం. ఒకావిడ కుర్చీలో వాలిపోయింది. ముసలివాళ్లు, కాస్త ఉన్నవాళ్లు, ఏమీ లేనివాళ్లు, అందరి మొహాల్లో ఒకటే అయోమయం. పోలీసు కూడా ఉన్నాడు, కానీ ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఈ గోలలో ఒకాయన ఏదో కట్ట కోటు లోపలి జేబులో దోపుకుంటూ జారుకుంటున్నాడు. నా లెక్కలో బొమ్మంతా ఆ జేబులోనే ఉంది. మిగతావాళ్లకి ఈరోజు తెలిసిన విషయం అతనికి ముందే తెలుసు.

దానికి ఆరేళ్ల ముందు, 1875లో, మాస్కోలో కమర్షియల్ లోన్ బ్యాంకు నిజంగానే కూలింది. స్ట్రౌస్‌బర్గ్ అనే రైల్వే కాంట్రాక్టరుకి సరైన హామీ లేకుండా అప్పులిచ్చి మునిగింది.

మన వైపు ఇలాంటిది 1906 అక్టోబర్ 22న జరిగింది. మద్రాసులో పేరుమోసిన అర్బత్‌నాట్ కంపెనీ చేతులెత్తేసింది. అప్పుడు మన ఊళ్లన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. దొరల కంపెనీ కదా, ఏమవుతుందిలే అని డబ్బు దాచుకున్నవాళ్లు రోడ్డున పడ్డారు. సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కి 18 నెలల కఠిన శిక్ష పడింది. ఆ దెబ్బ తర్వాతే, 1907లో, మనవాళ్ల సొంత బ్యాంకుగా ఇండియన్ బ్యాంక్ పుట్టింది.

అసలు మంచి బ్యాంకు కూడా మన డబ్బంతా బీరువాలో పెట్టుకుని కూర్చోదు, అప్పులిస్తుంది. అందరూ ఒకేసారి వచ్చి అడిగితే ఎవరు ముందొస్తే వాళ్లకే దక్కుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో చదివిన రేస్ కండిషన్ లాంటిదే, కాకపోతే ఇక్కడ క్రాష్ అయ్యేది ప్రోగ్రాం కాదు. డైమండ్, డిబ్విగ్ 1983లో దీన్ని లెక్కలతో చూపించారు, 2022లో నోబెల్ వచ్చింది. డిపాజిట్‌కి ఇన్సూరెన్స్ ఉందని తెలిస్తే జనం పరిగెత్తరు అన్నది అందులో ముఖ్యమైన మాట.

మన దేశంలో ఆ ఇన్సూరెన్స్, 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంక్ మునిగాక, 1962లో మొదలైంది. అప్పట్లో 1,500 రూపాయల వరకే. 2020 నుంచి ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి, వడ్డీతో కలిపి, 5 లక్షల వరకు. మామూలు బ్యాంకులకి, అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకులకి ఇది వర్తిస్తుంది. ఊళ్లో వ్యవసాయ సహకార సొసైటీలో వేసిన డిపాజిట్‌కి వర్తించదు. చీటీ పాటలకీ, చేబదులుగా వడ్డీకిచ్చిన డబ్బుకీ లేదు.

మా తాతయ్య ధాన్యం డబ్బులు సొసైటీలోనే ఉన్నాయి. ఈ సంగతి చెబితే, "సెక్రటరీ మనోడే కదమ్మా" అన్నారు.