సెప్టిక్ ట్యాంకుల నుంచి మీథేన్ ఉద్గారాలు: అంచనా, కొలత

వ్యవసాయ శాస్త్రంలో మీథేన్ అనగానే వరి పొలాలు, పశుసంపద ప్రస్తావనకు వస్తాయి. గాలి తగలని ట్యాంకులలో మానవ వ్యర్థాలు కుళ్ళినపుడు కూడా ఇదే వాయువు వెలువడుతుంది. హైదరాబాదులోని అంబర్‌పేట వంటి భారీ మురుగు శుద్ధి కేంద్రాలు దుమ్ముగూడెం వంటి గోదావరి తీర అటవీ మండలాలలో ఉండవు. ఇక్కడి ఆశ్రమ పాఠశాలలకు, వసతి గృహాలకు సెప్టిక్ ట్యాంకే శుద్ధి కేంద్రం.

అంచనా విధానం

వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం 2006 మార్గదర్శకాల ప్రకారం భారతదేశంలో ఒక వ్యక్తి నుంచి రోజుకు 34 గ్రాముల బి.ఓ.డి. భారం మురుగులో చేరుతుంది. కిలో బి.ఓ.డి. నుంచి గరిష్ఠంగా 0.6 కిలోల మీథేన్ ఏర్పడగలదు. సెప్టిక్ ట్యాంకుకు దిద్దుబాటు గుణకం 0.5. ఈ లెక్కన తలకు రోజుకు 10.2 గ్రాములు, ఏడాదికి సుమారు 3.7 కిలోలు వెలువడుతాయి. వంద మంది ఏడాది పొడవునా నివసించే వసతి గృహానికి ఇది 372 కిలోలు. దక్షిణాసియా వరికి 2019 సవరణలో ఇచ్చిన ప్రామాణిక విలువ రోజుకు హెక్టారుకు 0.85 కిలోలు, పంటకాలం 112 రోజులు. ఆ ప్రకారం ఒక వసతి గృహపు ట్యాంకు, నిరంతరం నీరు నిలిపిన దాదాపు నాలుగు హెక్టార్ల ఒక పంట వరికి సమానం.

కొలత ఎందుకు?

ప్రామాణిక గుణకాలు క్షేత్ర వాస్తవానికి దూరంగా ఉండవచ్చు. భారతదేశ వరి పొలాల నుంచి ఏటా 37.8 మిలియన్ టన్నుల మీథేన్ వెలువడుతున్నదని ఒకప్పుడు విదేశీ అంచనా ఉండేది. 1991లో దేశవ్యాప్తంగా జరిపిన కొలతలలో అది సుమారు 4 మిలియన్ టన్నులని తేలింది. కాలిఫోర్నియాలో 8 సెప్టిక్ ట్యాంకులపై జరిగిన అధ్యయనంలో తలకు రోజుకు సుమారు 11 గ్రాములే నమోదైంది. అక్కడి ప్రామాణిక లెక్క 25.5 గ్రాములు.

కొలిచే పద్ధతి

వరి పొలంలో వాడే మూసిన పెట్టె పద్ధతినే ఇక్కడ తేలియాడే పెట్టెగా మార్చుకోవచ్చు. ట్యాంకు మూత ద్వారా, బయట నిలబడి, తాడుతో పెట్టెను నీటిపై దించాలి. 0, 10, 20, 30 నిమిషాలకు సిరంజితో నమూనాలు తీసి గ్యాస్ క్రొమాటోగ్రాఫ్‌లో పరీక్షించాలి. ఉదాహరణకు, పెట్టెలో గాలి ఎత్తు 0.5 మీటరు, గాఢత పెరుగుదల గంటకు 100 పి.పి.ఎం. అనుకుంటే, 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉద్గారం గంటకు చదరపు మీటరుకు సుమారు 33 మిల్లీగ్రాములు. పెరుగుదల సరళరేఖలో లేని నమూనాలను విడిగా పరిశీలించాలి. బుడగలు ఒక్కసారిగా పైకి వచ్చినపుడు గాఢత అకస్మాత్తుగా ఎగబాకుతుంది.

ఒకే రోజు కొలత చాలదు. ఉష్ణోగ్రత, బురద మందం, సెలవులలో నివాసుల సంఖ్య ఫలితాన్ని మారుస్తాయి. కనుక వేసవి, వానాకాలం, శీతాకాలాలలో, పగలూ రాత్రీ కొలవాలి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. అటువంటి వరదలో తీర గ్రామాల ట్యాంకులు మునిగితే ఆ కాలపు కొలతలను సాధారణ సగటులో కలపరాదు. గాలి గొట్టం ద్వారా పోయే వాయువును, బయటికి ప్రవహించే నీటిలో కరిగిన మీథేన్‌ను విడిగా లెక్కించకపోతే ఫలితం తక్కువగా కనిపిస్తుంది.

భద్రత

గాలిలో 5 నుంచి 15 శాతం మీథేన్ పేలుడు స్వభావం కలది. హైడ్రోజన్ సల్ఫైడ్ ప్రాణాంతకం. అందువలన నిప్పు దగ్గరకు రానీయరాదు, కొలత కోసం ఎవరినీ ట్యాంకులోకి దించరాదు. రక్షణ లేకుండా మనుషులచే సెప్టిక్ ట్యాంకులను శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది.

ఫలితాల వినియోగం

స్థానిక కొలతలు లభించినపుడు ఏ వసతి గృహానికి బయోగ్యాస్ ప్లాంటు లాభదాయకమో, ఎక్కడ బురదను సకాలంలో తీయడం చాలునో నిర్ణయించవచ్చు. మీథేన్‌ను పట్టి వంటకు వాడితే వాతావరణంలోకి చేరే ఉద్గారం తగ్గుతుంది, కట్టెల అవసరమూ తగ్గుతుంది. అడవి అంచున ఉన్న గ్రామాలకు ఈ రెండవ ప్రయోజనమే ముందుగా అర్థమవుతుంది. విస్తరణ శాస్త్రవేత్తలు తమ సలహాను అక్కడినుంచే ప్రారంభించడం మేలు.