వేరు పంపు కబురు

నాగార్జునసాగరు ఎడమ కాలువ నీరు పారు చిలుకూరు, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో వరినాట్లకు ముందు జీలుగు చల్లి, పూతదశలో కలియదున్నుట పలువురు శ్రోతలు ఎఱిగిన పద్ధతియే. జీలుగు, పెసర, కంది వంటి పైరులు నేలకు బలమిచ్చునని మన పెద్దలందురు. ఆ బలము గాలినుండి వచ్చినది. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే అయినను, ఏ మొక్కయు దానిని నేరుగా గ్రహింపజాలదు. ఆ పని వేరుబుడిపెలలో నివసించు రైజోబియం అను సూక్ష్మజీవులది. ఈ సంగతిని జర్మను శాస్త్రజ్ఞుడు హెల్రీగెల్ 1886లో వెల్లడించెను. 1888లో హాలండు దేశీయుడు బైయరింక్ ఆ జీవులను వేరుచేసి పెంచెను.

మట్టిలో కోట్లకొలది జీవులుండగా, తనకు తగినదానిని వేరు ఎట్లు గుర్తించును? మొదటి కబురు మొక్కదే. నత్రజని కొరవడినపుడు వేరు ఫ్లేవనాయిడులు అనబడు ద్రవ్యములను మట్టిలోనికి హెచ్చుగా విడుచును. ఆ పిలుపును గ్రహించిన రైజోబియం బదులుగా మరియొక ద్రవ్యమును పంపును. నాలుగైదు చక్కెర అణువుల గొలుసునకు కొవ్వుతోక తగిలించినట్లుండు ఈ ప్రత్యుత్తరపు నిర్మాణమును ఫ్రాన్సులోని తులూజ్ పరిశోధకులు 1990లో కనుగొనిరి. లీటరు నీటిలో అది గ్రామునందు పదిలక్షలవ వంతు ఉన్నను వేరునూగు పోల్చుకొనును. నూగు కణములో కాల్షియము లయబద్ధముగా హెచ్చుతగ్గులగును. నూగు కొస వంకీవలె ముడుచుకొని సూక్ష్మజీవిని లోనికి గైకొనును. అటుపిమ్మట బుడిపె కట్టును. వేరుశనగలో మాత్రము పిల్లవేళ్లు పుట్టుచోటి చీలికలే ప్రవేశద్వారములు.

ఈ కబురులు పైరును బట్టి మారును. అందుచేతనే శనగకు తయారుచేసిన రైజోబియం సోయాచిక్కుడుకు పనిచేయదు. విత్తనమునకు పట్టించు పొట్లముపై పైరు పేరు చూచి కొనుడని మేము మనవి చేయుచున్నాము.

మరియొక విశేషము గలదు. సూక్ష్మజీవిని పోషించుటకు మొక్క తన చక్కెరను వెచ్చింపవలెను. గాదె నిండియుండగా అప్పుకు పోవువారుందురా? యూరియా దండిగా చల్లిన చేనిలో మొక్క ఈ స్నేహమును కోరదు; బుడిపెలు సరిగా కట్టవు. చల్లినదానికి సొమ్ము పోవును. గాలినుండి ఉచితముగా రావలసినదియు పోవును.

ఫలితము చూచుకొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. విత్తి నెల దాటిన మొక్కను వేళ్లు తెగకుండ పెకలించి, బుడిపెను గోటితో చీల్చి చూడుడు. లోపల ఎఱ్ఱగా నున్నచో పని చక్కగా సాగుచున్నది. మన నెత్తుటిలోని హీమోగ్లోబినును పోలిన పదార్థమే ఆ రంగునకు కారణము. తెల్లగానో, ఆకుపచ్చగానో ఉన్నచో, కబురు అందినను కాపురము సాగుట లేదని తెలిసికొనవలెను.