పనిముట్ల పెట్టెకు రంగు కాదు, చక్రాలు ముఖ్యం

సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న మన కొత్తగూడెంలో ఐ.టి.ఐ. ముగించి, ఇంటి దగ్గరే రేకుల షెడ్డులో పని మొదలుపెట్టాలనుకునే తమ్ముళ్లు ఎందరో. వారి కోసమే ఈ నాలుగు మాటలు.

హాస్టల్ ట్రంకుపెట్టె మనందరికీ తెలుసు. అడుగున ఉన్న పుస్తకం కావాలంటే పైనున్న బట్టలన్నీ తీయాలి. పానాలు, సుత్తులు అలా పోస్తే సగం సమయం వెతకడానికే సరిపోతుంది. సొరుగులు, చక్రాలు ఉన్న పెట్టె ఈ బాధ తీరుస్తుంది. మరి కొనేటప్పుడు ఏం చూడాలి?

మొదట రేకు. గేజ్ సంఖ్య తగ్గేకొద్దీ మందం పెరుగుతుంది; 20 గేజ్ కంటే 18 గేజ్ గట్టిది.

రెండోది సొరుగు. బాల్ బేరింగ్ పట్టాలుంటే బరువుతో ఉన్నా సులువుగా వస్తుంది. పూర్తిగా బయటికి లాగి చూడండి.

మూడోది చక్రాలు. నేల ఎగుడుదిగుడుగా ఉంటే బరువు మూడింటి మీదే పడుతుంది. కాబట్టి సామానుతో కలిపి 120 కిలోలైతే ఒక్కో చక్రం కనీసం 40 కిలోలు మోయాలి. పెద్ద చక్రమైతే గడప సులువుగా దాటుతుంది. బ్రేకు తప్పనిసరి.

బరువైనవి కింది సొరుగులో పెట్టండి. రెండు సొరుగులు ఒకేసారి లాగితే పెట్టె ముందుకు ఒరిగి కాళ్లమీద పడవచ్చు.

చివరిగా ఒక మాట. పెట్టె కోసం అప్పు చేయవద్దు. తొలి సంపాదన మంచి పనిముట్లకే పెట్టండి. అప్పటిదాకా వెల్డింగ్ షాపులో యాంగిల్ ఫ్రేము చేయించి, చక్రాలు బిగించి, పాత ట్రంకుపెట్టెనే దానిమీద పెట్టుకోవచ్చు. అన్నం పెట్టేది పనిముట్టు, పెట్టె కాదు.