వెంబనాడు ఒడ్డున మూడు రోజులు

ఎల్.టి.సి. మంజూరు కాగానే మనలో అత్యధికులు తీర్థయాత్రకో, కొండ ప్రాంతానికో ప్రయాణం కడతారు. చూడవలసిన స్థలాల పట్టిక చేతబట్టుకొని ఉదయం నుండి రాత్రి వరకు తిరిగి, వెళ్ళినప్పటికంటె ఎక్కువ అలసటతో ఇల్లు చేరుతారు. గత సంక్రాంతి సెలవులలో మా కుటుంబం ఇందుకు భిన్నంగా, ఒక సరస్సు ఒడ్డున మూడు రోజులు నిశ్చింతగా గడపాలని నిర్ణయించుకున్నది. మోకాళ్ళ నొప్పులతో బాధపడే మా అమ్మగారు, నా శ్రీమతి, ఇంజనీరింగ్ చదువుతున్న కుమారుడు, తొమ్మిదవ తరగతి చదివే కుమార్తె, నేను మొత్తం ఐదుగురం. ఎంచుకున్నది కేరళలోని వెంబనాడు సరస్సు.

మన దేశంలోని సరస్సులన్నింటిలోకి పొడవైనది వెంబనాడు. పంపా, మణిమల, అచ్చన్‌కోవిల్, మీనచిల్, మూవాట్టుపుళ నదులు ఇందులో కలుస్తాయి. కొచ్చి వద్ద దీనికి సముద్రంతో సంబంధం ఉంది. అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో ఇది 2002లో చేరింది. మన కొల్లేరు కూడ అదే సంవత్సరం ఆ జాబితాకెక్కింది. సికింద్రాబాదు నుండి శబరి ఎక్స్‌ప్రెస్‌లో కోట్టయం చేరితే, అక్కడి నుండి సరస్సు తీరాన ఉన్న కుమరకం గ్రామం సుమారు 15 కిలోమీటర్లు.

పడవలో ఒక రాత్రి

ఇక్కడ కుటుంబాలకు రెండు రకాల బస దొరుకుతుంది. మొదటిది హౌస్‌బోటు. దీని మూలరూపం కెట్టువళ్ళం. ‘కెట్టు’ అంటే మన ‘కట్టు’, ‘వళ్ళం’ అంటే పడవ. ఆంజిలి చెక్క పలకలను ఇనుప మేకులు లేకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టి ఈ పడవను కట్టేవారు. ఒకప్పుడు ధాన్యాన్ని, సుగంధ ద్రవ్యాలను కొచ్చికి చేరవేసిన ఈ పడవలు, రోడ్లు, లారీలు వచ్చిన తరువాత పని కోల్పోయి, గదులు అమర్చుకొని విహార నౌకలుగా మారాయి.

మేము మొదటి రాత్రి అట్టి పడవలోనే గడిపాము. సాయంత్రం ఐదున్నర దాటితే హౌస్‌బోట్లు కదలరాదు, ఆపైన సరస్సు వలలు వేసే జాలరులది. లంగరు వేసిన తరువాత ఆవరించిన నిశ్శబ్దం మా అందరికీ అపూర్వమైన అనుభవం.

మరునాటి ఉదయం మా అమ్మాయి ఒక దృశ్యం చూసింది. వంటగది వైపున సహాయకుడొకడు రాత్రి మిగిలిన అన్నం, కూరలు, వాటితోపాటు ఒక ప్లాస్టిక్ సంచిని నీటిలోకి వదిలాడు. “నాన్నా, మరుగుదొడ్డి నీళ్ళు కూడ ఇందులోకేనా?” అని నన్నడిగింది. పడవ నడిపే వ్యక్తిని విచారించగా, “ట్యాంకు ఉంది సార్” అన్నాడు. దానిని ఎక్కడ ఖాళీ చేస్తారో మాత్రం చెప్పలేదు. కర్మాగారంలో మురుగునీటి శుద్ధి పనులు కొన్నేళ్ళు చూసిన నేను, పడవ మాట్లాడుకునేటప్పుడు ఆ ప్రశ్నే వేయలేదు. ఏ.సి. పనిచేస్తుందా, జనరేటరు ఉందా అని మాత్రమే అడిగాను. ఆ ఉదయం అమ్మాయికి సమాధానం చెప్పలేకపోయాను.

కాలువగట్టు ఇల్లు

తరువాతి రెండు రాత్రులు కుమరకం సమీపాన ఒక రైతు ఇంట హోమ్‌స్టేలో ఉన్నాము. యజమాని కుటుంబం అదే ఇంటిలో నివసిస్తూ, రెండు గదులు అతిథులకు ఇస్తుంది. ఉదయం పుట్టు, శనగల కూర. మధ్యాహ్నం ఎర్రని మట్ట బియ్యపు అన్నం. మా అమ్మగారికి మలయాళం రాదు, ఆ ఇంటి పెద్దావిడకు తెలుగు రాదు. అయినా ‘మోరు’ అంటే మజ్జిగ అని తెలుసుకోవడానికి వారికి అరగంట పట్టలేదు. వంటింటి మెట్లు నేరుగా కాలువలోకి దిగుతాయి. గిన్నెలు తోమడం, బట్టలు ఉతకడం ఆ నీటితోనే.

“నాన్నా, కాలువ పైన ఉంది, పొలం కింద ఉంది!” అని మా అబ్బాయి ఆశ్చర్యపోయాడు. ఇది కుట్టనాడు. ఇక్కడి వరి పొలాలు సముద్ర మట్టానికి ఒకటి రెండు మీటర్లు దిగువన ఉంటాయి. గట్లు పోసి, లోపలి నీటిని ‘పెట్టి-పర’ అనే పంపులతో బయటకు తోడి సేద్యం చేస్తారు. చెక్కపెట్టె, నిలువు గొట్టం, అందులో తిరిగే రెక్కలు, పట్టాతో నడిపే మోటారు: యంత్రం ఇంతే. తక్కువ ఎత్తుకు ఎక్కువ నీటిని ఎత్తడానికి ఇంతకంటె సరళమైన ఏర్పాటు నేను చూడలేదు.

ఆ పైరును ఉప్పునీటి నుండి కాపాడేందుకే సరస్సుకు అడ్డంగా తన్నీర్‌ముక్కం ఆనకట్ట నిర్మించారు. అది 1976లో వినియోగంలోకి వచ్చింది. మా ఆతిథేయి దాని గురించి ఇంగ్లీషులో వివరించాడు. “డిసెంబరులో షట్టర్లు దించుతారు, మార్చిలో ఎత్తుతారు. కోత ఆలస్యమైతే ఏప్రిల్ కూడ అవుతుంది. ఉప్పునీరు వస్తే గుర్రపుడెక్క చస్తుంది, కాలువ శుభ్రపడుతుంది. ఇప్పుడు మాత్రం ఈ నీళ్ళు ఎక్కడికీ పోవు సార్.”

ఈ మాటలు నన్ను ఆలోచింపజేశాయి. కుమరకం, ఆలప్పుళ రెండూ ఆనకట్టకు దక్షిణాన ఉన్నాయి. యాత్రికులు అత్యధికంగా వచ్చేది కూడ డిసెంబరు నుండి మార్చి వరకే. వేసవి సమీపించే కొద్దీ నదుల ప్రవాహం సన్నగిల్లుతుంది. అనగా, సరస్సులోకి మలినం ఎక్కువగా చేరే మాసాలలోనే, దానిని కడిగివేసే ఆటుపోట్లు ఆగిపోతాయి. ఏ ట్యాంకుకైనా వచ్చే నీరు, పోయే నీరు లెక్కగట్టడం మన వృత్తి. ఆ లెక్క ఇక్కడ మన సెలవులకు ప్రతికూలంగా ఉన్నది.

ఇందుకు రైతును నిందించలేము. ఆ షట్టర్లు లేకపోతే అతని పంట లేదు. యాత్రికులు రాకూడదనడం కూడ న్యాయం కాదు. కుమరకంలో 2008లో ఆరంభమైన బాధ్యతాయుత పర్యాటక కార్యక్రమం ద్వారా గ్రామస్త్రీలు పండించిన కూరగాయలు హోటళ్ళకు చేరి, వారి సంసారాలకు ఆసరా అయ్యాయి. మారవలసినది మనం బస మాట్లాడుకునే పద్ధతి.

మాట్లాడుకునే ముందు

హౌస్‌బోటు అయితే మరుగుదొడ్ల ట్యాంకు ఉన్నదా, దానిని ఎక్కడ, ఎన్నాళ్ళకొకసారి ఖాళీ చేస్తారు, వంటింటి చెత్త ఒడ్డుకు చేరుతుందా అని ముందే అడగండి. స్పష్టమైన జవాబు రాకపోతే మరొక పడవ చూసుకోండి. పిల్లలకు సరిపడే లైఫ్ జాకెట్లు ఉన్నవో లేవో కంటితో చూసి ఎక్కండి. వృద్ధులు వెంట ఉంటే పడవకంటె ఇల్లు మేలు. ఊగే పలక మీదుగా మా అమ్మగారిని ఎక్కించడానికి ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది. సరస్సుపై విహరించాలనుకుంటే ముహమ్మ – కుమరకం మధ్య రాష్ట్ర జల రవాణా శాఖ పడవలు నడుస్తాయి. గ్రామస్థులతో కలిసి చేసే ఆ ప్రయాణమే మా పిల్లలకు ఎక్కువ నచ్చింది.

బయలుదేరే నాడు మా అమ్మాయి మూడు రోజుల బిస్కెట్టు కాగితాలు, నీళ్ళ సీసాలు ఒక సంచిలో కట్టి సామానుతోపాటు పెట్టింది. ఇంటి పెద్దావిడ అది చూసి, ఏమీ అనకుండా, మా అమ్మగారి చేతిలో ఒక అరటిపండ్ల అత్తం ఉంచింది. ఆ సంచీ, ఆ అత్తమూ మాతోపాటు మా టౌన్‌షిప్‌కు చేరాయి.

వచ్చే శీతకాలంలో అటు వెళ్ళదలచిన సహోద్యోగులకు నా మనవి ఒక్కటే. మీరు వెళ్ళేనాటికి ఆ షట్టర్లు మూసి ఉంటాయి. మనం వదిలినది, మనం తిరిగి వచ్చిన తరువాత కూడ, ఆ వంటింటి మెట్ల దగ్గరే ఉంటుంది.