నత్తి కుర్రాడి సింహగర్జన

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఇంగ్లీషు సినిమా అంటే ఆదివారం మార్నింగ్ షోయే. ‘స్టార్ వార్స్’ నేను చూసిందీ అలాగే. మాటలు సగం అర్థం కాలేదు. కానీ నల్ల కవచం, నల్ల ముసుగుతో డార్త్ వేడర్ తెరమీదికొచ్చి నోరు విప్పేసరికి (నోరెక్కడ కనిపించింది గనక!) బెంచీ నుంచి బాల్కనీ దాకా హాలంతా గప్‌చిప్. పక్కనున్న మా స్నేహితుడు నా భుజం పట్టుకుని, “ఎవర్రా ఇతను? నూతిలోంచి మాట్లాడుతున్నట్టున్నాడు!” అన్నాడు. ఆట అయ్యాక జనం లేచి వెళ్ళిపోతుంటే మేమిద్దరం నిలబడి పేర్లు చదివాం. డార్త్ వేడర్: డేవిడ్ ప్రౌస్. అంతే! ఆ తర్వాత కొన్నేళ్ళపాటు “గొంతంటే ప్రౌస్‌దే” అని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

అది శుద్ధ తప్పని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆరున్నర అడుగుల ప్రౌస్ ఇంగ్లండువాడు, బరువులెత్తడంలో ఛాంపియన్. ఆ కవచంలో నడిచింది ఆయనే, సెట్టుమీద డైలాగులు చెప్పిందీ ఆయనే. అయితే ఆయన బ్రిస్టల్ యాస ఆ పాత్రకు అతకలేదు. దర్శకుడు జార్జ్ లూకాస్ మరొకరిని పిలిపించి మాటలన్నీ మళ్ళీ చెప్పించాడు. ఆ మరొకరే జేమ్స్ ఎర్ల్ జోన్స్. రెండున్నర గంటల పని, ఏడు వేల డాలర్ల పారితోషికం. ఇదీ ఆయన స్వయంగా చెప్పిన లెక్క. టైటిల్స్‌లో పేరు మాత్రం లేదు. 1977లో లేదు, 1980లో వచ్చిన రెండో భాగంలోనూ లేదు.

ఎవరో అన్యాయం చేశారనుకుంటున్నారా? కాదు, వద్దన్నది ఆయనే. పాత్ర ప్రౌస్‌దనీ, తాను చేసింది పేలుళ్ళు, మెరుపులు సృష్టించే స్పెషల్ ఎఫెక్ట్స్ లాంటి పనేననీ ఆయన వాదన. 1983లో మూడో భాగానికి గానీ పేరు వేయనివ్వలేదు.

ఆ మాటకొస్తే డార్త్ వేడర్ పాత్రను పంచుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. శరీరం ప్రౌస్‌ది. తర్వాతి భాగాల్లో కత్తియుద్ధాలు చేసింది బాబ్ ఆండర్సన్. 1983లో ముసుగు తీస్తే కనిపించిన ముఖం సెబాస్టియన్ షాది. ఆ బుసకొట్టే ఊపిరి సౌండు నిపుణుడు బెన్ బర్ట్ నీటి ఈతగాళ్ళు వాడే గాలి పరికరంతో రికార్డు చేసినది. ఇంతమంది పడ్డ కష్టంలో ఈనాటికీ జనం మిమిక్రీ చేసేది మాత్రం జోన్స్ గొంతునే!

సరే, ఈ గొంతు ఎక్కడిది? అసలు కథ అక్కడే ఉంది.

జోన్స్ పుట్టింది 1931 జనవరి 17న, మిసిసిపీ రాష్ట్రంలోని ఆర్కబుట్లా అనే పల్లెలో. తండ్రి రాబర్ట్ ఎర్ల్ జోన్స్ బిడ్డ పుట్టకముందే ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. పెంచింది అమ్మమ్మ, తాతయ్యలు. ఐదో ఏట వాళ్ళు పిల్లవాణ్ణి తీసుకుని ఉత్తరాన మిషిగన్ పొలాలకు వలసపోయారు. ఆ మార్పుకే బెదిరాడో ఏమో, కుర్రాడికి నత్తి పట్టుకుంది. తోటిపిల్లలు నవ్వారు. దాంతో నోరు కట్టేసుకున్నాడు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు... దాదాపు ఎనిమిదేళ్ళు! బడిలో కాగితం మీద రాసి చూపించడమే. ఇంట్లో వాళ్ళతో, పొలంలో పశువులతో మాత్రం మాట్లాడేవాడట.

హైస్కూల్లో డోనల్డ్ క్రౌచ్ అనే మాష్టారు తగిలారు. ఈ మూగనోము పిల్లవాడు చాటుగా కవిత్వం రాస్తున్నాడని ఆయన కనిపెట్టారు. యుద్ధకాలంలో ఫ్లోరిడా నుంచి సర్కారువారు పంపించిన గ్రేప్‌ఫ్రూట్ (మన పంపరపనసకు దగ్గర చుట్టం) మిషిగన్ చలికాలంలో ఆ కుర్రాడికి అమృతంలా తోచింది. దాని మీద పద్యం కట్టాడు. మాష్టారు చదివి, ఇంత బాగా నువ్వే రాశావని నమ్మకమేమిటి, నీదే అయితే క్లాసు ముందు నిలబడి చూడకుండా అప్పజెప్పమన్నారు. కుర్రాడికి అభిమానం పొడుచుకొచ్చింది. లేచాడు, చెప్పాడు. ఒక్క అక్షరం తడబడలేదు! అప్పటికి గొంతు మారే వయసు దాటుతోంది. ఎనిమిదేళ్ళు దాచిన గొంతు బయటికొచ్చేసరికి ఈ ఖర్జమై కూర్చుంది. నత్తి పోయిందని మాత్రం ఆయన ఏనాడూ చెప్పుకోలేదు. తాను నత్తివాణ్ణేననీ, ఇబ్బందిపెట్టే మాటల్ని తప్పించుకు తిరుగుతాననీ పెద్దయ్యాక కూడా అనేవారు.

డాక్టరు చదువనుకుని కాలేజీలో చేరి నాటకాల్లోకి మళ్ళారు. కొంతకాలం సైన్యంలో చేసి న్యూయార్కు చేరారు. అక్కడ చిత్రమేమంటే, వదిలేసి వెళ్ళిన తండ్రి కూడా నటుడే. ఇరవై దాటాక తండ్రిని కలుసుకుని, పొట్టకూటికి ఆయనతో కలిసి నేలలు తుడిచి పాలిష్ చేశారు. తర్వాత ఇద్దరూ ఒకే రంగస్థలం మీద నటించారు.

స్టాన్లీ కుబ్రిక్ ఒక నాటకంలో జార్జ్ సి. స్కాట్‌ని చూడ్డానికొచ్చి, అదే నాటకంలో ఉన్న జోన్స్‌ని కూడా ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ (1964)కి తీసుకుపోయాడు. తొలి సినిమా అది. అయితే ఆయన్ని ఆకాశానికెత్తింది ‘ది గ్రేట్ వైట్ హోప్’ నాటకం. తొలి నల్లజాతి హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ జాన్సన్ జీవితం ఆధారంగా అల్లిన పాత్రకు 1969లో టోనీ అవార్డు, 1970లో సినిమాగా వస్తే ఆస్కార్ నామినేషన్. ఉత్తమ నటుడి నామినేషన్ పొందిన నల్లజాతివారిలో సిడ్నీ పోయిటియర్ తర్వాత ఈయన రెండోవారు. 1987లో ‘ఫెన్సెస్’కి మరో టోనీ. గౌరవ ఆస్కార్ 2011లో వచ్చింది. 

మన పిల్లలకు ఆయన ముఫాసాగా తెలుసు. 1994 ‘లయన్ కింగ్’లో సింహరాజు గొంతు ఆయనదే. ‘కమింగ్ టు అమెరికా’ (1988)లో ఆయన రాజు, మ్యాడ్జ్ సింక్లెయిర్ రాణి. ‘లయన్ కింగ్’లో సింహరాణికి గొంతిచ్చిందీ ఆవిడే! 2019లో సినిమాను మళ్ళీ తీసినప్పుడు అందరి గొంతులూ మారినా ముఫాసాకు జోన్స్‌నే పిలిచారు. దాని తెలుగులో ముఫాసాకు పి. రవిశంకర్ చెప్పారు. ‘అరుంధతి’లో సోనూ సూద్‌కి గొంతిచ్చి హడలగొట్టిన రవిశంకర్ అంటే ఇంకెవరికీ పరిచయం అక్కర్లేదు.

ఇక్కడే నాకు జోన్స్‌గారితో చిన్న పేచీ. పేరు వద్దనడం ఆయనకు చెల్లింది. రంగస్థలం మీద చేతినిండా పేరుంది కనక. నేనొకసారి మద్రాసులో ఒక డబ్బింగ్ ఆర్టిస్టు ఇంటికి వెళ్ళాను. టీవీలో ఏదో పాట అయి సీను మొదలైంది. హీరో మాట్లాడగానే ఆయన చిన్నకూతురు గబుక్కున తెర దగ్గరికి పరిగెత్తి, “నాన్న!” అంది. పక్కనే కుర్చీలో అసలు నాన్న కూర్చుని నవ్వాడు. ఆ నవ్వు నేనింకా మరిచిపోలేదు. టైటిల్స్‌లో ఆయన పేరు నాకు కనపడలేదు.

చివరికి జోన్స్ గొంతుకు మరో మలుపు వచ్చింది. తొంభై దాటాక ఇక వేడర్‌గా చెప్పలేననుకున్నారు. పాత రికార్డింగుల నుంచి యంత్రం చేత ఆ గొంతు పలికించడానికి అనుమతిచ్చారు. 2022 ‘ఒబి-వాన్ కెనోబి’ సీరియల్‌లో వేడర్ మాటల్ని ఉక్రెయిన్ కంపెనీ రెస్పీచర్ అలాగే తయారు చేసింది, అదీ అక్కడ యుద్ధం జరుగుతుండగా. నేను విన్నాను. తేడా పట్టుకోలేకపోయాను. అదే కొంచెం భయం వేసింది కూడా. ఆయన్ని అడిగి చేశారు, బాగుంది. మద్రాసులో ఆ కుర్చీలో కూర్చున్నాయన్ని ఎవరైనా అడుగుతారా?

జోన్స్ 2024 సెప్టెంబర్ 9న, 93వ ఏట, న్యూయార్కు రాష్ట్రంలోని స్వగృహంలో కన్నుమూశారు.

ఆయన బ్రాడ్వే తొలిరోజుల మాట ఒకటి చెప్పాలి. 1958లో కోర్ట్ థియేటర్లో ఒక నాటకం. ఈయనది నౌకరు వేషం. మిసెస్ రూజ్వెల్ట్‌తో భోజనం సిద్ధమని చెప్పాలి. ఆ ‘మి’ దగ్గరే నాలుక అడ్డం తిరిగి, మాట బయటికి రావడం గగనమైందట. అరవై నాలుగేళ్ళ తర్వాత, 2022లో, అదే థియేటరుకు పేరు మార్చారు. ఇప్పుడు బయట దీపాల్లో వెలిగే పేరు: జేమ్స్ ఎర్ల్ జోన్స్ థియేటర్.