రెంటచింతల ఎండ కరెంటుకు కలిసొస్తుందా?

రెంటచింతల: ఎండాకాలం వచ్చిందంటే రాష్ట్రంలో ముందుగా వినిపించే పేరు రెంటచింతల. రోళ్లు పగిలే ఎండలు పల్నాటికి కొత్త కాదు. కల్లాల్లో మిరపకాయలు ఎండటానికి తప్ప ఆ ఎండతో ఏం లాభమన్నది పాత మాట. ఇంటి కప్పుల మీదకు సోలార్ పలకలు వస్తున్న ఈ రోజుల్లో, "ఇంత ఎండ కాసే చోట కరెంటూ ఎక్కువే పుట్టాలి గదా" అనుకోవడం సహజం.

అయితే సోలార్ సెల్‌కు కావలసింది వెలుతురే గాని వేడి కాదు. సాధారణ సిలికాన్ సెల్ 25 డిగ్రీలు దాటాక పెరిగే ప్రతి డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం శక్తి కోల్పోతుంది. మండుటెండలో పలక 65 డిగ్రీలకు చేరితే నూటికి 12 నుంచి 16 పాళ్లు తగ్గినట్లే.

భూతద్దంతో ఎండను ఒకచోట చేర్చి కాగితం కాల్చడం బడిపిల్లలకు తెలిసిన ఆటే. అదే సూత్రంతో గోరంత సెల్ మీదకు వందల రెట్ల ఎండను మళ్లించే పద్ధతి ఉంది. ఇందుకు వాడే సెల్‌లో పొరలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఒక్కో పొర వెలుతురులోని ఒక్కో భాగాన్ని పట్టుకుంటుంది. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2022లో 665 రెట్ల ఎండ కింద 47.6 శాతం సామర్థ్యం సాధించింది. ఇళ్లపై పెట్టే పలకలది 20 శాతం పైచిలుకే.

మరి అవి మన ఊళ్లకు ఎందుకు రాలేదు? వాటికి నేరుగా పడే ఎండే కావాలి. మబ్బు పడితే పని సాగదు. పొద్దు వెంట తిరిగే యంత్రం, సెల్‌ను చల్లార్చే ఏర్పాటు ఉండాలి. జెర్మేనియం, గాలియం వంటి ఖరీదైన మూలకాలు కావాలి. పెద్దఎత్తున తయారైతేనే ధర దిగుతుంది, ధర దిగితేనే గిరాకీ వస్తుంది. ఈ చిక్కు వీడేలోగానే సిలికాన్ పలకల ధర పడిపోయింది. ఫ్రాన్స్‌కు చెందిన సోయిటెక్ 2015లో ఈ వ్యాపారం నుంచి తప్పుకొంది. ఇటువంటి బహుళ పొరల సెల్స్ ఇప్పుడు ముఖ్యంగా ఉపగ్రహాలకు ఉపయోగపడుతున్నాయి.

ఎండను ఒకచోట చేర్చి వాడుకోవడం మన రాష్ట్రం ఎరగనిది కాదు. తిరుమలలో 2002లో 106 అద్దాల పళ్లేలు అమర్చి, ఆవిరితో వేల మందికి వంట చేసే ఏర్పాటు చేశారు. అనంతపురం జిల్లా నాగలాపురంలో 2014లో వంపు అద్దాలతో 50 మెగావాట్ల విద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. అయితే ఈ రెండింటిలోనూ పనిచేసేది ఎండ వేడిమే, సెల్ కాదు.

కాబట్టి పల్నాటి గృహస్థుకు నేడు అందుబాటులో ఉన్నది సిలికాన్ పలకే. 2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ఏర్పాటుకు కేంద్రం రూ.78,000 రాయితీ ప్రకటించింది. కప్పుకూ పలకకూ మధ్య గాలి ఆడేలా జాగా వదలాలి. సున్నపు బట్టీల పిడుగురాళ్ల వైపు దుమ్ము తుడవడం మరవకూడదు. నీళ్లతో కడిగేది పలక చల్లగా ఉన్న ఉదయం వేళే మేలు.

ఎండకు లోటు లేదు. లెక్క తెలిసి బిగించుకుంటే పెట్టిన సొమ్ము వృథా కాదు.